నోరు తెరిచే ముందు ఖాతా తీర్చండి: ఇరుగుపొరుగు మధ్య సువార్తను బతకడం ఎలా

మన సంఘాల్లో సువార్త అనగానే కళ్లముందుకొచ్చేవి కరపత్రాలు, మైకు, మూడు రోజుల సభలు, సందు మొదట్లో కట్టిన ఫ్లెక్సీ. వాటికో కమిటీ ఉంటుంది, చందాల పుస్తకం ఉంటుంది, పక్క జిల్లా నుంచి వచ్చే ప్రసంగీకులు ఉంటారు. సభలైపోయాక మిగిలే మూడొందల అరవై రెండు రోజులకు ఏ కమిటీ ఉండదు. ఆ రోజుల్లోనే పక్కింటివాళ్లు, ఆఫీసులో పక్క టేబులువాళ్లు, పాలబ్బాయి, ఇంటి ఓనరు మిమ్మల్ని చూస్తుంటారు. ఈ రాత ఆ రోజుల కోసం. ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటూ ఆదివారం మందిరానికి వెళ్లొచ్చే మామూలు విశ్వాసిని మనసులో పెట్టుకుని రాస్తున్నాను. సేవకులకు పాఠాలు చెప్పేంతవాణ్ణి కాను.

ముందే ఒక మాట. ఎవరినో మార్చేయాలన్న లెక్కతో మొదలుపెడితే కింద చెప్పినవేవీ పనిచేయవు. అవతలివాళ్లు ఆ లెక్కను ఇట్టే పసిగడతారు. హృదయాన్ని మార్చేది దేవుడని పాటల్లో పాడుకుంటాం కదా, ఆ పని ఆయనకే వదిలేసి మన పని మనం చూసుకుందాం.

మొదటి మెట్టు: బాకీల కాగితం

ఒక తెల్లకాగితం తీసుకుని మీరు ఎవరికేం ఇవ్వాలో రాయండి. కిరాణా కొట్టు ఖాతా, పాలవాడి లెక్క, చీటీ పాడుకున్నాక ఆగిపోయిన వాయిదాలు, "వచ్చే నెల ఇచ్చేస్తా" అని బావమరిది దగ్గర తీసుకున్న పదివేలు, దసరాకి కొనిపెడతానని పనమ్మాయికి చెప్పి మర్చిపోయిన చీర, పక్కింటి నుంచి తెచ్చిన గ్యాస్ సిలిండరు. పెద్ద పాపాల గురించి కన్నీళ్లతో సాక్ష్యం చెప్పేవాళ్లు కూడా ఈ చిన్న బాకీల జోలికి రారు. కానీ వీధిలో మీ పేరు నిలిచేదీ పోయేదీ వీటి దగ్గరే.

లూకా సువార్త 19వ అధ్యాయంలో జక్కయ్య కథ సండే స్కూలు పిల్లలకు కూడా వచ్చు. యేసు తన ఇంట్లో అడుగుపెట్టాక జక్కయ్య ఎంతసేపు ప్రార్థించాడో, ఏం పాడాడో లూకా రాయలేదు. సగం ఆస్తి బీదలకిస్తాననీ, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తాననీ అతను చెప్పిన లెక్క మాత్రం రాశాడు. ఆ ఊరివాళ్లకు జక్కయ్య మారాడని తెలియడానికి అంతకంటే ఇంకేం కావాలి?

చేతిలో డబ్బు లేకపోతే? వాళ్లు అడగకముందే మీరే వెళ్లండి. కొట్టు దగ్గర జనం లేని వేళ చూసుకుని, "అన్నా, నా ఖాతా ఎంతుందో ఒకసారి చూడు. ఈ నెల రెండు వేలిస్తా, మిగతాది సంక్రాంతిలోపు రెండు దఫాల్లో ఇచ్చేస్తా" అని చెప్పండి. ఆయన కళ్లజోడు ముక్కు మీదికి దించి, వేలు తడిచేసుకుని పేజీలు తిప్పి, మీ పేరున్న చోట ఆగి, "ఇప్పుడేం తొందర లేదులే" అంటూనే అంకె చెబుతాడు. రెండు వేలు అక్కడే పెట్టి కొట్టేయించుకోండి. వాక్యం చెప్పొద్దు, "దేవుడు నాతో మాట్లాడాడు" అని కూడా అనొద్దు. చెప్పిన తేదీకి మిగతాది కట్టండి, అంతే. తేదీ తప్పేలా ఉంటే ఒకరోజు ముందే వెళ్లి చెప్పండి. ఎక్కువమంది ఇక్కడే పోగొట్టుకుంటారు. ముఖం చాటేసి ఆ కొట్టు ముందు నుంచి నడవడం మానేసి, పక్క వీధి చుట్టి మందిరానికి వెళతారు.

ఇంకొకటి, ఎవరి చీటీకైనా జామీను ఉండమని సంఘంలోనే ఎవరో అడుగుతారు. కట్టగలిగే స్తోమత ఉంటే ఉండండి, లేకపోతే మొహమాటం లేకుండా కాదనండి. సామెతల గ్రంథం ఈ విషయంలో మన పెద్దలకంటే కటువుగా హెచ్చరిస్తుంది.

రెండో మెట్టు: ఇల్లు

మార్కు 5వ అధ్యాయంలో దయ్యాలు వదిలిన మనిషి యేసుతోపాటు దోనె ఎక్కుతానని బతిమాలాడు. ఎవరైనా ఎక్కించుకుంటారు, అంత గొప్ప సాక్ష్యం కదా. యేసు వద్దని, నీ ఇంటివాళ్ల దగ్గరికి వెళ్లి ప్రభువు నీకు చేసింది చెప్పమన్నాడు. సమాధుల మధ్య తిరుగుతూ అరిచిన రోజుల్ని దగ్గర్నుంచి ఎరిగినవాళ్లు ఆ ఇంటివాళ్లే. తేడా కనిపెట్టాల్సిందీ వాళ్లే.

ఇంట్లో మీరొక్కరే విశ్వాసి అయితే, మన ఊళ్లలో చాలాసార్లు అది ఇల్లాలే, ఈ మూడు పాటించండి. కూడికకు వెళ్లేటప్పుడు ఎన్నింటికి వస్తారో చెప్పి ఆ టైముకి రండి. ప్రార్థన పొడిగించారనేది పాస్టరమ్మగారికి సరిపోతుందేమోగానీ ఆకలితో ఉన్న అత్తగారికి సరిపోదు. ఇంటి ఖర్చుల డబ్బులోంచి చాటుగా కానుక తీసివేయకండి, ఎంత ఇస్తున్నారో మీ ఆయనకు చెప్పి ఇవ్వండి, వద్దంటే మీ చేతి సంపాదనలోంచి ఇవ్వండి. ఆయన మీద వాడటానికి వాక్యాలు దాచుకోకండి. భర్తలు వాక్యం లేకుండానే, భార్యల నడవడి చూసి రాబట్టబడే అవకాశముందని పేతురు మొదటి పత్రిక 3వ అధ్యాయం చెబుతుంది. చేయి చేసుకునే భర్తను ఓర్చుకుంటూ పడి ఉండమని దీనికి అర్థం తీసేవాళ్లున్నారు. ఆ మాట వినొద్దు, సంఘంలో ఒక పెద్దామెకు, అవసరమైతే పోలీసులకు చెప్పండి.

విశ్వాసి ఇంటాయనే అయితే లెక్క ఇంకా తేలిక. వేదిక మీద మృదువుగా ప్రార్థించే గొంతు, కూరలో ఉప్పెక్కువైన రోజు ఎలా ఉంటుందో పిల్లలకు తెలుసు. పిల్లలు పెద్దయ్యాక చర్చి మానేసిన ఇళ్లు కొన్ని చూశాను. అక్కడ డార్విన్ గురించి ఎవరూ వాదించలేదు, నాన్న గొంతు గురించే చెప్పారు.

పనమ్మాయికి వేరే గ్లాసు పెట్టారా? సింకు కింద, అంచు సొట్టపోయిన ఆ స్టీలు గ్లాసు. ఈ రోజే తీసేయండి. మీరు తాగే కప్పులో ఆమెకు టీ పోసి ఇవ్వండి. ప్రభురాత్రి భోజనంలో ఒకే పాత్రలోది పంచుకునే మనకు దీని మీద ప్రసంగం అక్కర్లేదు.

మూడో మెట్టు: పెళ్లి కుదిర్చేటప్పుడు

నా దృష్టిలో తెలుగు క్రైస్తవులు ఎక్కువగా ఓడిపోయే చోటు ఇదే. అందుకే కాస్త ఎక్కువసేపు ఇక్కడ ఆగుతాను.

కట్నం తీసుకోవడం 1961 నాటి వరకట్న నిషేధ చట్టం కింద నేరం. ఇచ్చినా తీసుకున్నా కనీసం ఐదేళ్ల జైలు అని చట్టంలో ఉంది. ఆ సంగతి అందరికీ తెలుసు, అయినా మన పెళ్లి మాటల్లో "మేం అడగటం లేదండీ, వాళ్లమ్మాయికి వాళ్లు ఇష్టంగా పెట్టుకుంటున్నారు" అనే వాక్యం దొర్లుతూనే ఉంటుంది. పాస్టరుగారు ఆ మాటలు వింటూ టీ తాగుతారు, తర్వాత ప్రార్థన చేసి ముగిస్తారు. అమ్మాయి తండ్రి ఎకరం అమ్మి ఆ పెళ్లి చేశాడని ఊరంతటికీ తెలుసు. ఆ ఊళ్లో రేపు మీ కరపత్రం ఎవరు చదువుతారు?

మీ ఇంట్లో పెళ్లీడు కొడుకుంటే ఇలా చేయండి. సంబంధాలు చూడటం మొదలుకాకముందే, ఏ అమ్మాయీ మనసులో లేనప్పుడే, ఇంట్లో నలుగురూ కూర్చుని నిర్ణయించుకోండి: డబ్బు, బంగారం, పొలం, బండి, ఏ పేరు మీదా తీసుకోం. పెళ్లి ఖర్చు చెరిసగం. అబ్బాయి ఒప్పుకోవడం ముఖ్యం, తల్లిదండ్రుల ఆదర్శం మీద అబ్బాయి విసుక్కుంటే పెళ్లయ్యాక అది కోడలి మీద పడుతుంది. మధ్యవర్తికి మొదటి ఫోన్లోనే చెప్పండి. తర్వాత చెబితే బేరమనుకుంటారు. అమ్మాయివాళ్లు "అలా కాదండీ, మా ముచ్చట" అంటే "మీ ముచ్చట అమ్మాయి పేరు మీద బ్యాంకులో వేసుకోండి, పాసుబుక్కు మీ దగ్గరే ఉంచండి" అనండి.

దీనికో ధర ఉంది, సిద్ధంగా ఉండండి. "అబ్బాయిలో ఏదో లోపముంది, అందుకే కట్నం వద్దంటున్నారు" అంటారు. మీ చెల్లెలి పెళ్లికి మీరు ఇచ్చుకున్నది వెనక్కి రాదు. బంధువుల్లో ఒకరిద్దరు మీ వల్ల తమ పరువు పోయిందన్నట్టు మాట్లాడతారు. సమాధానాలు వెతుక్కోవద్దు. ఎవరైనా నిజంగా తెలుసుకోవాలని "ఎందుకు తీసుకోలేదు?" అని అడిగితే, అది సువార్త చెప్పమని పిలిచినట్టే. దాని సంగతి కింద చెబుతాను.

ఇక కులం. క్రైస్తవ పెళ్లి సంబంధాల ప్రకటనల్లో మతం పక్కనే కులం పేరు ఎందుకుంటుందో బయటివాడు అడిగితే మన దగ్గర జవాబు లేదు. అదే ఊళ్లో అదే క్రీస్తు పేరు మీద రెండు మందిరాలు, రెండు శ్మశానాలు ఎందుకున్నాయో అడిగితే అసలే లేదు. బంగారు ఉంగరం పెట్టుకొచ్చినవాడికి మంచి కుర్చీ, మాసిన బట్టలవాడికి నేల చూపించే సంఘాన్ని యాకోబు ఎంత గట్టిగా గద్దించాడో 2వ అధ్యాయం తీసి చూడండి.

మన చరిత్ర చూస్తే ఇది మరీ సిగ్గుచేటు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చేసరికే, తోళ్ల వ్యాపారం చేసే యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్దమనిషి క్రీస్తును నమ్మి ఉన్నాడు. వ్యాపారం మీద ఉత్తరం వైపు వెళ్లినప్పుడు ఏలూరులో సువార్త విన్నాడు. భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకుని, తాళ్లకొండపాడు చుట్టుపక్కల తన వాళ్ల మధ్యే తిరిగి చెప్పాడు. కొత్తగా నమ్మినవాళ్ల ముందు పెట్టిన నియమాలు మూడే: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన పశువు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. వినడానికి చిన్నవి. అమ్మవారి జాతరలో డప్పు కొట్టాల్సింది వాళ్లే, కోతల్లో ఆదివారం చేలోకి దిగాల్సింది వాళ్లే కాబట్టి ఊరి పెత్తందార్లతో తగువు మొదటి వారంలోనే వచ్చేది. తిండిగింజలు ఇచ్చే చెయ్యి వెనక్కి పోయేది. అయినా నిలబడ్డారు. ఆ నిలబడటమే ఆ చుట్టుపక్కల పల్లెలు కళ్లారా చూసిన సువార్త. వాళ్ల వల్ల వచ్చిన సంఘంలో కూర్చుని ఈరోజు కులం చూసి పిల్లనిస్తున్నాం.

నాలుగో మెట్టు: ఆపదలో ఖాళీ చేతులతో వెళ్లకండి

పక్కింటావిడను రాత్రికి రాత్రి పెద్దాసుపత్రిలో చేర్చారు. మీరు ఏం చేయాలి? "ప్రార్థన చేస్తున్నాం" అని వాట్సాప్‌లో చేతులు జోడించిన బొమ్మ పెట్టడం ఆఖరి పని. ముందు ఫ్లాస్కులో వేడినీళ్లు, ఒక దుప్పటి, దోమలచుట్ట, అగ్గిపెట్టె, ఫోను చార్జరు, పది ఇరవై రూపాయల చిల్లర సంచిలో వేసుకోండి. ఆసుపత్రి రాత్రి అంటే స్కానింగు దగ్గర లైను, మందుల చీటీ పట్టుకుని గేటు బయటికి పరుగు, స్ట్రెచరు కోసం వెతుకులాట. ఆ ఇంటి కొడుకు రెండు రాత్రులుగా నిద్రపోలేదు. "నువ్వు నాలుగు గంటలు పడుకో తమ్ముడూ, అమ్మ దగ్గర నేనుంటా" అనండి. సెలైన్ బాటిల్ ఎంతవరకు వచ్చిందో చూడటం, అయిపోకముందే సిస్టరును పిలవడం, మూత్రం సంచి నిండితే చెప్పడం, ఇదీ ఆ రాత్రి పని.

పొద్దున బయల్దేరే ముందు "అమ్మ కోసం ప్రార్థన చేయమంటారా?" అని అడగొచ్చు. అడగాలి, దూరిపోకూడదు. సరేనంటే మంచం పక్కన నిలబడి, పక్క మంచానికి వినిపించనంత మెల్లగా, మామూలు మాటల్లో, ఒక నిమిషం. వద్దంటే "సరేనమ్మా, రాత్రికి మళ్లీ వస్తా" అని, రాత్రికి మళ్లీ వెళ్లండి. వద్దన్న ఇంటికి రెండోసారి వెళ్లడంలోనే మీ మనసు బయటపడుతుంది.

మందులు ఆపమని మాత్రం ఎవరికీ, ఎప్పుడూ చెప్పకండి. మామూలు క్షయకు ఆరు నెలల మందులు. రెండో నెలలో దగ్గు తగ్గగానే "స్వస్థత వచ్చింది" అని ఆపించేస్తే రోగం మందులకు లొంగని రకంగా తిరగబెడుతుంది, ఇంట్లో పిల్లలకూ అంటుకుంటుంది. బీపీ, షుగరు బిళ్లలదీ అంతే. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు. తిమోతి కడుపు బాగోలేదంటే పౌలు ఆయన్ను స్వస్థత సభకు పంపలేదు, కాస్త ద్రాక్షారసం పుచ్చుకోమని రాశాడు. మంత్ర మహిమలతో ఫలానా రోగాలు నయమవుతాయని ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధిస్తోంది. మీ సంఘం ఫ్లెక్సీ మీద ఏం రాస్తున్నారో ఓసారి చూడండి.

సాయానికి బదులేమీ కోరకండి, మనసులో కూడా. 1876–78 కరువులో ప్రజలు మలమల మాడిపోతుంటే క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. ఆ పని సాగినన్నాళ్లూ బాప్తిస్మం కావాలని వచ్చినవాళ్లను ఆపి ఉంచాడు. కూడు కోసం వచ్చారన్న మాట రాకూడదనే. కరువు సాయం ఆగాక, 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ అంకెను మన సభల్లో గర్వంగా చెప్పుకుంటాం, దానికి ముందు ఆయన ఆపిన నెలల్ని చెప్పుకోం. మీరు బియ్యం మూట ఇచ్చిన ఇంటిని వచ్చే ఆదివారమే చర్చికి పిలవకండి.

చావు ఇంట్లో మాట మరీ తక్కువ. టెంటువాడికి ఫోను, కుర్చీలు, ఐసుపెట్టె, వచ్చినవాళ్లకు టీ. "దేవుడి చిత్తం" అనే మాట అక్కడ నోట రానివ్వొద్దు.

ఐదో మెట్టు: పండగ, ప్రసాదం, మైకు

ప్రసాదం ఇస్తే తీసుకోవాలా? కొరింథు సంఘాన్నీ ఇదే ప్రశ్న వేధించింది, పౌలు మొదటి పత్రికలో 8 నుంచి 10 అధ్యాయాల దాకా దాన్ని విడదీసి చెప్పాడు. ఎవరైనా భోజనానికి పిలిస్తే పెట్టింది తినండి, ఇది బలి అర్పించినదని ఎవరైనా చెబితే ఆ చెప్పినవాడి మనస్సాక్షి కోసం మానండి అన్నది ఆ మాటల సారం. మీ మనస్సాక్షి ఎటు చెబితే అటు నడవండి, కానీ ఎలా కాదంటారన్నదే ముఖ్యం. నవ్వుతూ "నాకు వద్దులెండి వదినా, మా పద్ధతి మీకు తెలుసుగా. టీ మాత్రం తాగే వెళతా" అంటే ఎవరూ నొచ్చుకోరు. అన్నిటికంటే తప్పు ఏంటంటే, మొహమాటానికి తీసుకుని సందు తిరగ్గానే చెత్తకుండీలో వేయడం. చూసే కళ్లు ఎక్కడైనా ఉంటాయి.

వాళ్ల దేవుళ్లను ఎగతాళి చేసే వీడియోలు ఫార్వర్డ్ చేయకండి. ఇంట్లో కూడా "అన్యులు" అని మాట్లాడుకోవడం మానేయండి, నోటికి అలవాటైన మాట ఎక్కడో దొర్లుతుంది. ఎఫెసులో అర్తెమి దేవి పేరు మీద ఊరంతా గొడవకు లేచినప్పుడు, వీళ్లు మన దేవతను దూషించినవాళ్లు కారని పౌలు మనుషుల తరఫున చెప్పింది విశ్వాసి కాదు, ఆ ఊరి కరణం. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయంలో ఉంది. మన వీధి పెద్దమనిషి మన గురించి అంత మాట చెప్పగలడా?

మైకు సంగతి గబగబా చెప్పేస్తాను. 2000 నాటి ధ్వని కాలుష్య నిబంధనల ప్రకారం లౌడుస్పీకరుకు రాతపూర్వక అనుమతి ఉండాలి, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆపాలి, నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. పక్క గుడి మైకు మోగుతోంది కదా అంటారు. మోగనివ్వండి. మీ పక్కింట్లో ఇంటర్ పరీక్షలు రాసే పిల్ల ఉంటే మార్చి నెలంతా మీ స్పీకరు గేటు వైపు నుంచి లోపలికి తిప్పించండి. తిరుమల లాంటి పుణ్యక్షేత్రాల్లో వేరే మతం ప్రచారం చట్టరీత్యా నిషిద్ధం, అక్కడ కరపత్రం పంచి కేసు పెట్టించుకోవడంలో వీరత్వమేమీ లేదు.

ఆరో మెట్టు: అడిగారు, ఇక చెప్పండి

పైవన్నీ చేసి నోరు మాత్రం విప్పనంటే కుదరదు. అది వినయం పేరుతో వచ్చే పిరికితనం. దోర్నకల్ బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య, 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయినాయన, బాప్తిస్మం పొందినవాళ్ల చేత తమ తలమీదే చెయ్యి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే అయ్యో, నాకు శ్రమ అనే పౌలు మాట పలికించేవారు. పలికినవాళ్లలో ఎక్కువమంది చదువురాని కూలీలు.

మీలో ఉన్న నిరీక్షణ గురించి అడిగినవాళ్లకు సాత్వికంతో జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమన్నాడు పేతురు. సిద్ధంగా ఉండటమంటే ముందే ఒకసారి రాసి చూసుకోవడం. మూడు నిమిషాలు దాటకూడదు. అడిగినదానికే జవాబు ఉండాలి. ఇందాకటి కట్నం ప్రశ్ననే తీసుకోండి. టిఫిను వేళ మీ సహోద్యోగి, "ఏంటి సార్, నిజంగా ఏమీ తీసుకోలేదా? ఎందుకు?" అన్నాడు.

ఒక జవాబు ఇలా ఉంటుంది: "ప్రభువు నన్ను గొర్రెపిల్ల రక్తంలో కడిగి, పాపపు ఊబిలోంచి లేవనెత్తి, నిత్యజీవపు వారసుణ్ణి చేశాడు బ్రదర్, హల్లెలూయా." మీకు ఇందులో ప్రతి మాటా ప్రాణం. ఆయనకు ఒక్కటీ ఎక్కదు, ఇడ్లీ ముగించి లేచిపోతాడు.

ఇంకో జవాబు: "మొదట్లో మా ఇంట్లో కూడా ఎంత వస్తుందా అనే లెక్క ఉండేదండీ. నేను యేసును నమ్ముతాను, మీకు తెలుసు. నా తప్పులకు ఆయన తన ప్రాణం పెట్టాడనీ, నా దగ్గర ఏమీ తీసుకోకుండా క్షమించాడనీ నా నమ్మకం. అంత ఉచితంగా పొందినవాణ్ణి, ఒక ఆడపిల్ల తండ్రి దగ్గర చెయ్యి చాపి నిలబడటం నాకు సరిపడలేదు." ఇంతే. సిలువ వచ్చింది, క్షమాపణ వచ్చింది, మీ బతుకూ వచ్చింది. ఇక ఆగి ఇడ్లీ తినండి. ఆయనకు ఇంకా వినాలనుంటే ఆయనే అడుగుతాడు, ఈరోజు కాకపోతే ఆరు నెలలకు.

చెప్పేటప్పుడు మసాలా దట్టించకండి. ఒకప్పుడు వారానికోసారి తాగినవాడు ఐదేళ్ల సాక్ష్యాల తర్వాత సారా బట్టీలో పుట్టి పెరిగినట్టు తయారవుతాడు. మీ ఊరివాళ్లకు మీ పాత జీవితం మీకంటే బాగా గుర్తు. యోహాను 9లోని గుడ్డివాడు పరిసయ్యుల ప్రశ్నలకు తెలియనిది తెలియదనే అన్నాడు, గుడ్డివాణ్ణి ఇప్పుడు చూస్తున్నాను, అదొక్కటి తెలుసన్నాడు. త్రిత్వం గురించో, చిన్నపిల్లల చావు గురించో మీకు జవాబు రాని ప్రశ్న వేస్తే "నాకు తెలియదండీ" అనండి. చదవాలని అడిగితే మొత్తం బైబిలు చేతికివ్వకండి, ఆదికాండం దాటి లేవీకాండంలో ఆగిపోతారు. మార్కు సువార్త పదహారు అధ్యాయాలే, విడి పుస్తకంగా దొరుకుతుంది. మనకు చెవికింపుగా ఉండే పాత అనువాదపు గ్రాంథికం కొత్తవాళ్లకు నడవదు, వాడుక భాషలో వచ్చిన అనువాదం చూసి ఇవ్వండి.

ఆయన వినలేదు, నమ్మలేదు. టిఫిను పంచుకోవడం ఆపుతారా? ఆపితే మొదట్నుంచీ ఎందుకు పంచుకున్నారో ఆయనకు అర్థమైపోతుంది.

చివరి మెట్టు: మీతో వస్తానన్నప్పుడు

ఎప్పుడో ఒకరోజు ఎవరో "ఈ ఆదివారం మీతో చర్చికి రావచ్చా?" అంటారు. సంతోషంలో తొందరపడకండి. ఆరాధన ఎంతసేపు ఉంటుందో, చెప్పులు ఎక్కడ విడవాలో, మగవాళ్లూ ఆడవాళ్లూ ఎటు కూర్చుంటారో, కానుక సంచి వస్తే వేయక్కర్లేదనీ ముందే చెప్పండి. పక్కనే కూర్చోండి, పాటల పుస్తకంలో నంబరు తీసి చూపించండి. కొత్తవాళ్లు లేచి నిలబడమని వేదిక మీద నుంచి పిలవొద్దని పాస్టరుగారికి శనివారమే చెప్పిపెట్టండి.

మాట బాప్తిస్మం దాకా వస్తే దాచిపెట్టకుండా ఖర్చు చెప్పండి. మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు రాజ్యాంగం 25వ అధికరణ ఇస్తోంది. కానీ ఆ హక్కులో ఎదుటివాడి మతం మార్పించే హక్కు లేదని సుప్రీంకోర్టు 1977లో చెప్పింది. కాబట్టి నిర్ణయం పూర్తిగా వాళ్లదే కావాలి, డబ్బో ఉద్యోగమో స్కూలు సీటో దాని పక్కన కనబడకూడదు. ఎస్సీ కుటుంబమైతే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఎస్సీ హోదా ఉండదనీ, మన రెండు రాష్ట్రాల్లో బీసీ-సి కింద పరిగణిస్తారనీ ముందే చెప్పాలి. ఆ ఉత్తర్వు న్యాయమా కాదా అన్నది వేరే చర్చ, నాకైతే న్యాయమనిపించదు. కానీ పిల్లల రిజర్వేషను సంగతి చెప్పకుండా నీళ్లలోకి దింపడం మోసం. పేరు మార్చుకోమని అడగొద్దు. లక్ష్మి లక్ష్మిగానే ప్రభువును వెంబడించవచ్చు.

ఇంట్లోవాళ్లకు తెలుసా అని అడగండి. తెలియకపోతే, వాళ్లకు తనే చెప్పుకునేంత వరకు ఆగండి, కావాలంటే తోడు వెళ్లండి. అప్పటిదాకా ఆదివారం ఫోటోలు తీసే కుర్రాడికి చెప్పి ఉంచండి, ఆ మనిషి ముఖం సంఘం ఫేస్‌బుక్ పేజీలో రాకూడదు.